ఏడాదికొక ముడి

ప్రతి యేడు వార్షిక సంచిక పని మొదలగు వేళకు సంపాదకవర్గము వారు మాకొక చీటి పంపుదురు. ఈసారి చీటిలో "ముఖ్యమైన జయంతులు, వర్ధంతులు, వాని ద్వారా గ్రంథములు, చలనచిత్రములు, చరిత్ర" అని విషయము నిర్ణయించినారు. పైకి చూడ సులభమైన పనియే. నూరేండ్లు నిండిన మహనీయుల పేర్లు ఒకవైపు, ఏబదియేండ్లు నిండిన సంస్థల పేర్లు మరియొకవైపు పేర్చి, నడుమ నాలుగు విశేషణములు చల్లినచో వ్యాసము సిద్ధమగును. అట్టివి దినపత్రికల ఆదివారపు పుటలలో కావలసినన్ని వచ్చుచున్నవి. మేము ఒక నోటు పుస్తకమును గురించి వ్రాయదలచినాము. అది మా కళాశాల గ్రంథాలయమున ఉన్నది. అందులో ఏమున్నదో చెప్పుటకు ముందు, కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరములు చెప్పవలసియున్నది. భాష బోధించువారికి ఈ అలవాటు తప్పదు.

ఉర్దూలో పుట్టినరోజును 'సాల్‌గిరా' అందురు. సాల్ అనగా సంవత్సరము, గిరహ్ అనగా ముడి. బిడ్డ పుట్టిననాటి నుండి ఒక దారమునకు ఏడాదికొక ముడి వేయుట పూర్వపు ఆచారము. ముడులు లెక్కించిన వయస్సు తెలియును. ఈ నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన సాల్‌గిరా వేడుకలను గురించి దక్కనీలో కవిత చెప్పుకొన్నాడు. మరణదినమునకు 'బర్సీ' అను మాట కలదు. కాని సూఫీ మహాత్ముల విషయమున ఆ మాట వాడరు, 'ఉర్సు' అందురు. అరబ్బీలో ఆ మాటకు పెండ్లి అని అర్థము. భక్తుడు భగవంతుని చేరిన దినము గనుక మరణదినమే పెండ్లిదినమైనది. మన తెలుగులోని 'వర్ధంతి' ఇంతకంటె చిత్రమైనది. దాని ధాతువునకు వృద్ధి పొందుట అని అర్థము. కన్నడసీమలో శృంగేరి పీఠాధిపతుల జన్మదినమును వర్ధంతి అనియే పిలుచుచున్నారు. మనము దానిని మరణదినమునకు స్థిరపరచుకొన్నాము. ఎవరి వాడుక సరియైనదో పండితులు తేల్చవలె. మాకు మాత్రము మన వాడుకయే నచ్చినది. కొందరు పోయిన తరువాతనే పెరుగుదురు.

లెక్కలోను చిక్కులున్నవి. చార్మినారు హిజ్రీ వెయ్యవ సంవత్సరపు కట్టడము, అనగా క్రీ.శ. 1591. సూర్యమానమున చూచినచో 2025 నాటికి నగరమునకు 434 ఏండ్లు. 2025 జూన్ చివర ప్రారంభమైన హిజ్రీ 1447 ప్రకారము చూచినచో 447. చాంద్రమాన సంవత్సరము సుమారు పదునొకండు దినములు చిన్నదగుటచే, ఒకే నగరమునకు రెండు వయస్సులు, వాని నడుమ పదమూడేండ్ల యెడము. షేక్‌పేట దర్గాలో నిదురించుచున్న హజ్రత్ హుస్సేన్ షా వలీ ఉర్సును చూడుడు: కొన్నేండ్లు ఎండలలో వచ్చును, కొన్నేండ్లు వానలలో వచ్చును. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్‌సాగరును నిర్మింపజేసినవారు ఈ మహాత్ములే. అల్లుడును, ఇంజనీరును, వలీయును ఒక్కరే యగుట మా విద్యార్థులకు ఎప్పుడు చెప్పినను ఆశ్చర్యమే.

ఆ దర్గాకు పడమట ఇప్పుడు అద్దాల మేడలు లేచినవి. మా తరగతి గది కిటికీ నుండి రాయదుర్గము గుట్టల వైపు చూచినచో సాయంకాలపు ఎండ వాని మీద పడి కండ్లు మిరుమిట్లు గొలుపును. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్‌ను ప్రారంభించినారు. అదే 1998 జనవరిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడినది. అది గచ్చిబౌలిలో ఉన్నది. అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, కూడ ఆ యేడే, ఆ గచ్చిబౌలిలోనే. 2023లో మూడింటికి పాతికేండ్లు నిండినవి. మొదటిదానిని, మూడవదానిని మా పిల్లలందరు ఎరుగుదురు. ఉర్దూ విశ్వవిద్యాలయము కూడ వాని యీడుదే యని చెప్పినప్పుడు, ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారే నమ్మలేదు. ఉర్దూ అనగా పాతది, సైబర్ టవర్స్ అనగా క్రొత్తది అని వారి మనస్సున స్థిరపడిపోయినది. ఆ దారిలోనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 2024లో ఏబదియేండ్లు. 1974లో అది ఆబిడ్సులోని సరోజినీనాయుడు గారి ఇంట, గోల్డెన్ త్రెషోల్డులో మొదలైన సంగతి కూడ ఈ సందర్భమున చెప్పి ఊరకుందుము.

ఆ మేడలలో పనిచేయు మా పూర్వ విద్యార్థి యొకడు చెప్పినాడు: ఉద్యోగమున చేరి మూడేండ్లు నిండిననాడు ఉదయము కంప్యూటరు తెరువగనే శుభాకాంక్షలు వచ్చి యుండెనట. పంపినవారెవరని చూడగా మనుష్యుడెవ్వడును కాదు. ఆ యంత్రమే లెక్క పెట్టుకొని, ఆ యంత్రమే పంపినది. "అయినా సంతోషమే అనిపించింది సార్" అన్నాడు. మేము నవ్వలేదు. ముడి ఎవరు వేసినను ముడియే. ఇక ఆ మేడలకు చోటిచ్చిన రాళ్లకు, భూశాస్త్రజ్ఞుల లెక్కన 250 కోట్ల ఏండ్లు. వానికి జయంతి జరుపువారు లేరు, పగులగొట్టువారు మాత్రము ఉన్నారు.

నోటు పుస్తకము సంగతికి వచ్చెదము. 2022లో ఉర్దూ శాఖలోని సహాధ్యాపకులొకరు, మేము కలిసి దానిని ప్రారంభించినాము. నియమములు మూడే. ఒక తేది వ్రాయవలె. ఆ తేదికి తోడుగా చదువవలసిన గ్రంథమో, చూడవలసిన చిత్రమో వ్రాయవలె. సిటీ బస్సులోగాని మెట్రోలోగాని పోయి చూడదగిన చోటొకటి వ్రాయవలె. వ్రాయువారు విద్యార్థులు; తప్పులు దిద్దువారము మేము. ఉర్దూలో వ్రాయువారు కుడివైపు అట్ట నుండి, తెలుగులో వ్రాయువారు ఎడమవైపు అట్ట నుండి మొదలుపెట్టుదురు, మన వార్షిక సంచిక వలెనే. మూడేండ్లలో ఆ పుస్తకము నిండుచు వచ్చిన కొలది ఒక విచిత్రము కనబడినది. సంవత్సరమంతట తేదీలు పలుచగా చల్లినట్లుండగా, ఆగస్టు 22 మొదలు సెప్టెంబరు 28 వరకు గల ముప్పదియెనిమిది దినములు మాత్రము క్రిక్కిరిసిపోయినవి. అంచులలో కూడ వ్రాతలే. వానలు, మొదటి సెమిస్టరు, రొంప జ్వరములు ఉన్న ఆ దినములలోనే ఈ నగరపు చరిత్రయంతయు జరిగినట్లున్నది.

వానిలో మొదటిది షోయబుల్లా ఖాన్ వర్ధంతి. మహబూబాబాదు ప్రాంతమున 1920లో జన్మించిన ఈ యువకుడు మందుముల నరసింగరావుగారి 'రయ్యత్' పత్రికలో పనిచేసి, అది ఆగిన పిదప 1947 చివర 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రికను స్థాపించినాడు. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరవలెనని, రజాకార్ల దౌర్జన్యము ఆగవలెనని వ్రాసినాడు. బెదిరింపులు వచ్చినవి, మానలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించి కాచిగూడ వైపు ఇంటికి పోవుచుండగా దారికాచి దాడి చేసినారు. వ్రాసిన చేతిని నరికినారు. తెల్లవారకముందే, 22న ఆయన ప్రాణము విడిచినాడు. అప్పటికి వయస్సు ఇరువదియెనిమిది నిండలేదు. రజాకార్ల మాట వచ్చినప్పుడెల్ల తరగతిలో కొందరు తల వంచుకొనుట మేము చూచినాము. తమ పేరు, తమ మతము చూచి ఎవరేమనుకొందురో అని ఆ వంపు. వారికి మేము మొదట చెప్పునది ఈ పేరు. రజాకార్లను ఎదిరించి ప్రాణమిచ్చిన పత్రికాసంపాదకుడు ఒక ముసల్మాను, ఆయన వ్రాసినది ఉర్దూ. మా కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి జరుపు మొదటి సభ ఆగస్టు 22ననే. ఉపన్యాసములుండవు, ఆ వారపు వార్తాపత్రికలను, రెండు భాషలవి, విద్యార్థులు బిగ్గరగా చదువుదురు. ఒకే వార్తను రెండు పత్రికలు ఎట్లు వ్రాసినవో వినుట మంచి పాఠము.

ఆగస్టు 25 వచ్చుసరికి పుస్తకమున ఒకే పుటలో రెండు చేతివ్రాతలు, రెండు లిపులు. తెలుగు వైపున సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆయన 1953లో ఆనాడు దివంగతులైనారు. ఉర్దూ వైపున మఖ్దూం మొహియుద్దీన్. ఆయన 1969లో ఆనాడే. ఈ సంగతి మా విద్యార్థులు కనుగొనినదే. అంతకుముందు మేము కూడ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు. ఒకరు 'గోలకొండ పత్రిక'ను 1926 మే 10న స్థాపించి నిజాం పాలనలో తెలుగునకు గొంతుక యిచ్చినవారు. దాని నూరేండ్ల లెక్క 2026 మే 10తో సరిపోవును. తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవుల కవితలతో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చువేసి చూపినారు. కోపమునకు ఇంతకంటె మంచి వినియోగము మేమెరుగము. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ వారి మొట్టమొదటి తెలుగు పురస్కారము పొందినది. రాజుల పట్టిక వెదకువారు అందులో నిరాశ చెందుదురు. అందులో ఉన్నవి జనుల తిండి, బట్ట, ఆటలు, జూదములు, జాతరలు. రెండవవారు సిటీ కళాశాలలో అధ్యాపకులుగా నుండి, ఆ కొలువు విడిచి కార్మికోద్యమమునకు, తెలంగాణ రైతు పోరాటమునకు తమ కవితను, బ్రదుకును ఇచ్చినవారు. 'బిసాత్-ఎ-రఖ్స్' అను ఆయన సంపుటికి 1969లో అకాడమీ పురస్కారము వచ్చినది. ఆయన జన్మించినది 1908 ఫిబ్రవరి 4, నేటి సంగారెడ్డి జిల్లాలోని అందోలులో. 'గోలకొండ పత్రిక' ఉర్దూవారు చదువరు, మఖ్దూంను తెలుగువారు చదువరు అను నింద పూర్తిగా నిజము కాదు గాని, పూర్తిగా అబద్ధమును కాదు.

మఖ్దూం తేదికి తోడుగా మా విద్యార్థినులు వ్రాసినది గ్రంథము కాదు, చిత్రము: సాగర్ సర్హదీ 1982లో తీసిన 'బాజార్'. అందులో మఖ్దూం గజలొకటి ఖయ్యాం సంగీతమున, లతా మంగేష్కర్, తలత్ అజీజ్ గొంతులలో వినబడును. ఆ పాట విని ఆనందించుటకే చాలమంది ఆ చిత్రమును చూచుదురు. కాని దాని కథ వేరు. గల్ఫు ధనము తెచ్చిన పెండ్లికొడుకునకు హైదరాబాదు పేదయింటి పిల్లను ఎట్లు అమ్మివేసినారో అందులో ఉన్నది. సెమినారు గదిలో ఆ చిత్రము చూపిననాడు చివరి వరుసలోని ఒక అమ్మాయి మధ్యలో లేచి వెళ్లిపోయినది. మరునాడు వచ్చి, "మా ఫుఫ్ఫూ కథ ఇదే సార్" అని మాత్రము చెప్పినది. పుస్తకమున ఆ చిత్రము ప్రక్కన 'పోవలసిన చోటు' అను గడిలో ఆమె ఏమియు వ్రాయలేదు. మేమును అడుగలేదు.

ఆగస్టు 25న మూడవ తేది కూడ ఉన్నది. 2007లో ఆ సాయంకాలము లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలి నలుబది మందికి పైగా మరణించినారు. నేటి మా విద్యార్థులు అప్పుడు ఒడిలోని పిల్లలు; కొందరు పుట్టనేలేదు. మేము అప్పుడు డిగ్రీ చదువుచుంటిమి. ఆ తరువాత కొన్ని మాసములు అద్దెగది వెదకునప్పుడు పేరు చెప్పుటకు ముందు గొంతు సవరించుకొను అలవాటు మాకు పట్టినది. చనిపోయినవారి దుఃఖము ముందు ఇది లెక్కలోనిది కాదు. అయినను వ్రాయుచున్నాము, ఎందుకనగా ఒక తేది ఒక్కొక్కరి యింట ఒక్కొక్క తలుపు తట్టునని పిల్లలకు తెలియవలె.

తరువాతి వారమును త్వరగా దాటెదము. ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవము. వ్యావహారిక భాష కొరకు జీవితమంతయు పోరాడిన మహానుభావుని తలచుకొనుచు మేమీ గ్రాంథికపు వాసన గల భాషలో వ్రాయుట చూచి ఒక విద్యార్థి ముసిముసినవ్వులు నవ్వినాడు. అతనికి ఆ హక్కు ఉన్నది. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవము. ఆగస్టు 31న, 2014లో, చిత్రకారుడు బాపు మరణించినారు. ఆయన పేరు ఇక్కడ ఎందుకనగా, దాశరథి కృష్ణమాచార్యులవారి 'గాలిబ్ గీతాలు'కు బొమ్మలు వేసినది ఆయనయే. 1925 జూలై 22న జన్మించిన దాశరథికి 2025లో నూరేండ్లు. నిజాం జైలులో నుండి నిజాంపై కవిత చెప్పిన మనిషి, జైలు బయటికి వచ్చి గాలిబును తెలుగు చేసినాడు. పాలకునిపై ద్వేషమును భాషపైకి పోనీయలేదు. ఆ గ్రంథము వెలువడిన 1961లోనే ఆయన సినిమా పాటలు వ్రాయుట కూడ మొదలైనది. మా గ్రంథాలయములోని ప్రతికి అట్ట లేదు, కొన్ని బొమ్మల పుటలు ఎవరో చింపుకొని పోయినారు. వారింట నైన అవి గోడమీద ఉండవలెనని కోరుచున్నాము.

సెప్టెంబరు 15ను గూర్చి మాత్రము నిలిచి చెప్పవలె. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని ఎన్నియో ఏండ్లు పుస్తకములు వ్రాసినవి, సభలు జరిగినవి, దండలు పడినవి. పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత పత్రికలు, రికార్డులు గాలించి, ఆ చిత్రమునకు సెన్సారు అయినదే 1932 జనవరిలో అనియు, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అనియు నిరూపించినారు. ఇప్పుడు ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా దినముగా జరుపుచున్నారు. మా నోటు పుస్తకమున సెప్టెంబరు 15 కొట్టివేసియున్నది, కాని చింపివేయలేదు. తప్పు తేది కూడ చరిత్రయే. ఒకరు వ్రాసినదానిని పదిమంది చూడక వ్రాసినచో ఏమగునో అది చెప్పును. పరీక్షలలో గైడ్లు చూచి వ్రాయువారు ఈ పుటను ప్రత్యేకముగా చదువగోరుచున్నాము.

ఆ చిత్రమును తీసిన హెచ్.ఎం. రెడ్డిగారు అంతకుముందు అర్దేషిర్ ఇరానీ వద్ద పనిచేసినవారు. ఇరానీ తీసిన 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయైన మొట్టమొదటి భారతీయ టాకీ. అది పారసీ రంగస్థలము నుండి వచ్చినది. అందులోని భాష హిందూస్థానీ. 'భక్త ప్రహ్లాద' సురభి రంగస్థలము నుండి వచ్చినది. లీలావతిగా నటించినది సురభి కమలాబాయి. ఎల్.వి. ప్రసాద్ అను తెలుగు యువకుడు ఈ రెండింటిలోను చిన్న వేషములు వేసినాడు. ఇప్పుడు ఆ రెండు చిత్రములును లేవు; ఒక్క ప్రతియు మిగులలేదు. వినుటకు, చూచుటకు ఏమియు లేని వానికి జయంతి ఎట్లు జరుపుట? 'పోవలసిన చోటు' అను గడిలో ఒక విద్యార్థి 'సురభి కాలనీ, లింగంపల్లి' అని వ్రాసి మాకు దారి చూపినాడు. హైటెక్ సిటీ నుండి ఎంతో దూరము లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ప్రారంభించిన నాటకసమాజమునకు చెందిన కుటుంబములు అక్కడ స్థిరపడినవి. ఆనాడు మేము చూచిన 'మాయాబజార్' నాటకమున లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుని నోట పడినవి. కంప్యూటరుతో బొమ్మలు చేయుట నేర్చుకొనుచున్న మా పిల్లలు నాటకము ముగిసిన పిదప తెర వెనుకకు పోయి ఆ తీగలను, కప్పీలను అరగంట సేపు పట్టి చూచినారు. ఒకడు లడ్డూ తినవచ్చునా అని కూడ అడిగినాడు.

ఇక సెప్టెంబరు 17.

భారత సైన్యము 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది; 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించినాడు; 18న జనరల్ చౌధురి ఎదుట సంస్థాన సేన లొంగిపోయినది. జరిగినది ఇంతే. కాని ఆ దినమునకు పేరు ఏది? కొందరికి అది విమోచన దినము. కొందరికి విలీన దినము. కమ్యూనిస్టులకు సాయుధ పోరాట వారోత్సవముల చివరిదినము. 2022లో రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమన్నది, ఆనాడే కేంద్ర ప్రభుత్వము విమోచన దినమన్నది. 2024లో రాష్ట్రమున ప్రభుత్వము మారిన తరువాత అది ప్రజా పాలనా దినోత్సవమైనది. పాత ఉర్దూ పుస్తకములలో దానిని 'సుకూత్-ఎ-హైదరాబాద్', అనగా హైదరాబాదు పతనము అన్నారు. మా యింట పెద్దలు ఈ మాటలలో దేనిని వాడగా మేము వినలేదు. తెలుగువారైనను, ముసల్మానులైనను పాతతరము వారు దానిని 'పోలీస్ యాక్షన్' అనియే అందురు. మా నాయనమ్మ పెండ్లి 'పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు'. ఆమె తల్లి పుట్టినది 'తుగ్యానీ ఏడు'. వారి దారమునకు ముడులు అవియే.

2022లో మా కళాశాలలో జెండావందనము ఏర్పాటు చేయవలసివచ్చినప్పుడు బ్యానరు మీద ఏ పేరు వ్రాయవలెనని కమిటీ వారు గంటసేపు చర్చించినారు. ఒక పేరు వ్రాసిన ఒకరికి కోపము, వేరొకటి వ్రాసిన వేరొకరికి అనుమానము. అల్పసంఖ్యాకుల కళాశాల గనుక పత్రికలవారు మన బ్యానరునే చూతురని ఒకరి భయము. చివరకు పెద్దలొకరు, తేది మాత్రము వ్రాసి ఊరకుండుడని సెలవిచ్చినారు. అట్లే చేసినాము. తెల్లని గుడ్డమీద 'సెప్టెంబరు 17' అని నీలిరంగు అక్షరములు. అది చూచి ఒక విద్యార్థిని, "పేరు లేని పండుగ ఎట్ల చేస్తరు సార్?" అని అడిగినది. ప్రశ్న న్యాయమైనది. తేది క్రింద ఏమి వ్రాయవచ్చునో తెలియుటకు ముందు ఏమి జరిగినదో తెలియవలె గదా. ఆ మధ్యాహ్నము తరగతులు మాని రెండు సంగతులు చదివినాము.

మొదటిది బైరాన్‌పల్లి. నేటి సిద్దిపేట జిల్లాలోని ఆ గ్రామము రజాకార్లను పలుమార్లు తరిమికొట్టినది. 1948 ఆగస్టు 27న వారు పెద్ద బలగముతో వచ్చి ఊరివారిని పట్టుకొని కాల్చి చంపినారు. రక్షణకు నిలిచిన బురుజు నేటికిని ఉన్నది. చేర్యాల వైపు నుండి వచ్చిన మా విద్యార్థి యొకడు లేచి, తన ముత్తాత సోదరుని పేరు అక్కడి స్తూపము మీద ఉన్నదని చెప్పినాడు. రెండవది పండిత సుందర్‌లాల్ నివేదిక. పోలీస్ చర్య జరిగిన పిమ్మట సంస్థానములోని జిల్లాలలో ముసల్మానుల మీద జరిగిన హత్యాకాండను విచారించుటకు 1948 చివర పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలగువారు పర్యటించినారు. 27,000 మొదలు 40,000 మంది వరకు చనిపోయియుందురని వారు అంచనా వేసినారు. ఆ నివేదిక దశాబ్దముల తరబడి బయటికి రాలేదు. 2013లో గాని ఢిల్లీలో పాఠకులకు చూడనీయలేదు. గుల్బర్గా వైపు నుండి వలస వచ్చిన కుటుంబపు పిల్ల యొకతె, తమ యింట ఆనాటి ఫోటో ఒక్కటియు లేకపోవుటకు కారణము తనకు ఇప్పుడు తెలిసినదని అన్నది.

ఇద్దరును ఒకే గదిలో, రెండు బెంచీల యెడమున కూర్చుండిరి. ఆనాడు ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. గంట కొట్టిన తరువాత కూడ కొంతసేపు ఎవరును లేవలేదు.

తరువాత కమిటీలోని పెద్దలొకరు మమ్ములను పిలిచి, "పాత గోరీలు ఎందుకు తవ్వుతారు?" అని మెల్లగా మందలించినారు. వారి యెడల మాకు గౌరవము కలదు. వారి మాట వెనుక ఉన్నది భయమే గాని దురుద్దేశము కాదు. కాని మేము వారితో ఏకీభవింపలేదు, ఆ సంగతి వారికి చెప్పియు ఉన్నాము. మనము చదువకుండిన ఆ దినమును ఎవరును మరువరు. ఎన్నికల వేదికలమీద, వెండితెరమీద, చేతిలోని ఫోనుమీద ఏటేట అది వచ్చుచునే యుండును. మన పిల్లలకు అక్కడ ఒక సగమే దొరకును. ఏ సగము దొరకునో వారి పేరును బట్టి ఉండును. రెండు సగములు ఒకేచోట దొరకవలసినది తరగతి గదిలో. అందునా రెండు భాషల కళాశాలకు ఈ పని తప్పదు.

మా తాతగారు ఆనాడు పదమూడేండ్ల బాలుడు, మెదకు జిల్లాలోని ఒక పల్లెలో. ఆయన ఈ సంగతులు తనంతట తాను ఎన్నడును చెప్పలేదు. నోటు పుస్తకము మొదలుపెట్టిన యేడు మేమే పట్టుబట్టి అడిగినాము. పదునొకండు దినములు వారి కుటుంబము పొరుగున ఉన్న కాపువారి ధాన్యపు కొట్టులో దాగియున్నదట. ఆ కాపునే అంతకు రెండు నెలల ముందు రజాకార్లు కొట్టి ఎద్దులను తోలుకొని పోయినారట. అట్టివాడు తమను ఎందుకు దాచినాడో తాతగారికి ఎన్నడును అర్థము కాలేదట. "ఆ దినం పేరేందో నాకెరుక లేదు బిడ్డా. రాత్రి చీకట్ల గంజి తెచ్చిపోసిన వెంకయ్య మామ చెయ్యి మాత్రం యాదికున్నది" అన్నారు. ఆ కొట్టు ఇప్పుడు లేదు. అక్కడ ఎరువుల దుకాణము ఉన్నది. మేము పోయి చూచినాము.

సెప్టెంబరు 17కు తోడుగా పుస్తకమున వ్రాసియున్న చిత్రము 'మాభూమి'. 1980 మార్చిలో విడుదలయైన ఆ చిత్రమును బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మింపగా గౌతమ్ ఘోష్ అను బెంగాలీ యువకుడు దర్శకత్వము వహించినాడు. దానికి ఆధారము కిషన్‌చందర్ వ్రాసిన ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతుబిడ్డ కథను ఉర్దూలో వ్రాసినవాడు పంజాబీ, తెరకెక్కించినవాడు బెంగాలీ, మాటాడినది తెలుగు. 1977 మార్చిలో మరణించిన కిషన్‌చందర్ దానిని చూడలేదు. ఉర్దూ శాఖ వారు ఆ నవలను, తెలుగు శాఖ వారు ఆ చిత్రమును తీసుకొని, ఏది ఎక్కడ మారినదో పోల్చి చూపిన నాలుగు పుటలు నోటు పుస్తకము మొత్తములో ఉత్తమమైనవని మా అభిప్రాయము. వానిని వచ్చే సంచికలో అచ్చువేయవలసినదిగా సంపాదకవర్గమును కోరియున్నాము.

సెప్టెంబరు 28 ఈ వరుసలో కడపటిది. నాయనమ్మ తల్లి పుట్టిన తుగ్యానీ. 1908లో ఆనాడు మూసీ పొంగి నగరమును ముంచినది. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొని తానొక్కడు మిగిలినాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఒక చింతచెట్టు ఉన్నది. దాని కొమ్మల నెక్కి ఆనాడు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారు. నగరాభిమానులు కొందరు ఏటేట ఆ చెట్టుక్రింద కూడి చనిపోయినవారిని తలచుకొనుచు వచ్చినారు. మా వారును పోయివచ్చినారు. ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రణాళికతో 1920లో గండిపేట చెరువు, అనగా ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఏర్పడినవి. ఆ గండిపేట ఒడ్డు ఇప్పుడు ఐటీ మేడలకు పొరుగు. వారాంతమున అక్కడికి పోయి చిత్రములు దిగువారు అది ఏ శవముల లెక్క మీద కట్టిన కట్టయో ఎరుగరు. నోటు పుస్తకమున ఒక విద్యార్థి ఈ తేదికి రెండు చోట్లు వ్రాసినాడు: పొద్దున చింతచెట్టు, సాయంకాలము గండిపేట. ఇంటికి చేరుసరికి రాత్రి తొమ్మిది గంటలగును గనుక తల్లిదండ్రులకు ముందుగా చెప్పిపోవలెనని క్రింద చిన్న అక్షరములతో సూచించినాడు.

పుస్తకము గ్రంథాలయమున పత్రికల బల్లమీద ఉన్నది; ఇంటికి ఇవ్వరు. అక్టోబరు, డిసెంబరు నెలలు దాదాపు ఖాళీ. ఎడమవైపు నుండి వచ్చు తెలుగు పుటలకు, కుడివైపు నుండి వచ్చు ఉర్దూ పుటలకు నడుమ ఇంకను నలుబది కాగితములు మిగిలియున్నవి. వ్రాయదలచినవారు తేదికి ఆధారము చూపవలె, సిరాతో వ్రాయవలె.